నోటినిండా గడ్డి

చర్చి దొడ్లో దేవదానం అనే మేకపోతు ఉండేవాడు. సువార్తమ్మ అనే బాతు గుడ్ల కింద పరుచుకున్న గడ్డిని రోజూ లాగించేసేవాడు. ఆదివారం గంట కొట్టగానే మాత్రం మోకాళ్లూని, "ప్రభువా, నా అంత పాపి లేడూ!" అని దొడ్డి దద్దరిల్లేలా ఏడ్చేవాడు.

ఒక ఆదివారం సువార్తమ్మ వచ్చి, "ఏడుపు సరే గానీ నాయనా, ముందు ఆ నమలడం ఆపు. అక్కడ నా గుడ్లు చల్లబడిపోతున్నాయి," అంది.

దేవదానం దవడలు టక్కున ఆగాయి. నిజమే, నోట్లో ఇంకా ఆవిడ గడ్డే! సిగ్గుతో గడ్డం నేలకి ఆనింది.

ఇక ఏడవలేదు. కొట్టంలోకి పరిగెత్తి, తన మేతంతా నోట కరుచుకొచ్చి, నోరూరుతున్నా నమలకుండా గుడ్ల కింద పరిచాడు. చివరి పరక దగ్గర మూతి కాస్త ఆగింది.

"దేవదానం!" అంది సువార్తమ్మ.

"ఆమెన్," అని వదిలేశాడు.