అక్క రిపోర్టు

"పేషెంట్ ఏరి?" కాగితాలు అందుకుంటూ అడిగింది డాక్టరమ్మ.

"రాలేదండి. నేను చెల్లెల్ని."

బయట చీటీలిచ్చే ఆయాతోనూ ఆ మాటే చెప్పింది. పెళ్ళికూతురు లేని పెళ్ళి చూడ్డం ఇదే మొదలంటూ ఆయా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

కుర్చీ అంచున కూర్చుని గబగబా చెప్పుకుపోయింది. అక్క జాకెట్లు కుడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ నెలకు నాలుగు రోజులు మిషన్ మీద తల వాల్చి పళ్ళు బిగబట్టేది. ఆడపుట్టుక పుట్టాక ఆమాత్రం ఉండదా అనేది అత్తగారు. పదిహేను రోజుల కిందట వేరే ఆస్పత్రిలో పొట్ట కోసి గడ్డ తీశారు. అక్కడి డాక్టరు బావను వరండాలోకి పిలిచి ఏదో చెప్పాడు. బావ మొహం కడుక్కుని వచ్చి, ఉత్త గడ్డే, పీడ విరగడైంది అన్నాడు. నిన్న ఆయన చొక్కాల మడతలో ఈ రిపోర్టు దొరికింది. తన చదువు ఎనిమిదితోనే ఆగింది. అక్షరాలు కూడబలుక్కుంది గానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు.

డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసింది.

"ఆవిణ్ణి తీసుకురాకపోవడమే మంచిదైంది. ఎదురుగా ఉంటే నేనూ నిజం చెప్పేదాన్ని కాదు."

"చెప్పండి."

ఆ నొప్పి పేరు ఎండోమెట్రియోసిస్ అట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట, అండాశయం మీద పెరుగుతుందట. చాలామందికి అది నొప్పిగానే ఉండిపోతుంది. ఎక్కడో ఒకరికి అందులోంచి క్యాన్సర్ పుడుతుంది. ఈవిడకు పుట్టింది. కాలేయం దాకా పాకింది కూడా.

ఆమె కొంగు కొసను వేలికి చుట్టింది. విప్పింది. మళ్ళీ చుట్టింది.

"పాపకు మూడేళ్ళండి. బడిలో వేసేదాకా ఉంటుందా?"

"మందులకు లొంగితే ఉంటుంది. ఆపైన నేను మాటివ్వలేను."

"పిల్లకు దాని జడ అది వేసుకోవడం వచ్చేదాకా?"

డాక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"అక్కంటే అంత ప్రాణమా?"

"ఒకే కంచం, ఒకే మంచం అండి మాది."

"అయితే ధైర్యంగా ఉండాల్సింది నువ్వే. ఈ సంగతి ఆవిడ చెవిన పడనివ్వకు. రేపు మీ బావను పంపించు, మందులు మొదలుపెడదాం."

"నా నోటితో చెప్పనండి."

లేవబోతూ బల్ల పట్టుకుంది. కాగితాలు పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది. సాయంత్రంలోగా వాటిని ఎక్కడివక్కడ, చొక్కాల మధ్య పెట్టేయాలి.

బయటికొచ్చి, పైట కింద ఇంకా పచ్చి ఆరని తన కుట్లను అరచేత్తో అదిమిపట్టుకుని, ఒక్కో మెట్టే దిగసాగింది.