తమ్ముణ్ణి మోసిన ఉడుత

చింతచెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు. కూతురు కుచ్చి, కొడుకు బుజ్జులు. కుచ్చికి కళ్ళు తెరుచుకున్న కొద్దిరోజులకే తల్లి, "దూకితేనే వస్తుంది" అని దాన్ని కొమ్మ మీంచి తోసింది. బుజ్జుల్ని మాత్రం తొర్ర దాటనిచ్చేది కాదు. "నా తండ్రి కాళ్ళు కందిపోతాయి" అంటూ, కూతురు తెచ్చిన జామపండు కొరికి వాడి నోట్లో పెట్టేది. మిగిలిన తొక్కలు కూతురికి.

ఒకరోజు చెట్టు మీదికి పిల్లి ఎక్కింది. చారలమ్మ ఒక్క గెంతులో పక్క చెట్టు చేరి, "కుచ్చీ, తమ్ముణ్ణి తీసుకురావే!" అని అరిచింది.

కుచ్చి వెనక్కి తొర్రలోకి పరుగెత్తి, తనకంటే బరువైన తమ్ముణ్ణి మెడ దగ్గర కరిచి పట్టుకుని దూకింది. పిల్లి పంజా విసిరింది. కుచ్చి తోక సగం తెగిపోయింది.

చారలమ్మ కొడుకును ఒళ్ళంతా తడిమి, మెడ మీద పంటిగాట్లు చూసి గుండెలు బాదుకుంది.

"ఇంత మొరటుగానా పట్టుకోవడం? వాడంటే నీకు మొదట్నించీ కుళ్ళే!"

"అమ్మా, నా తోక..."

"నీకేమే, గట్టిదానివి. తట్టుకుంటావు."

కుచ్చి అవతలి తోపుకు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మర్నాడు బుజ్జులు ఆకలికి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. చారలమ్మ పక్కకొమ్మ మీది గోరువంకతో చెప్పుకుని ఏడ్చింది.

"ఇద్దర్నీ ఒక్కలాగే పెంచానమ్మా. దానికే ప్రేమ లేదు."

గోరువంక ఆ తెరిచిన నోటికేసి చూసింది.

"కనిపిస్తూనే ఉందిలే" అని ఎగిరిపోయింది.