ఏ చెంచా?

ముసలావిడ కరపత్రం మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది. ఎప్పుడు లేస్తుందా అని మారివిక్ చూస్తోంది.

ఆ రోజు ఇలోయిలో పట్నంలో గృహవిజ్ఞాన ఉపాధ్యాయినుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. హాలంతా పసుపు బట్టలు, పూలదండలు, పెద్ద పళ్లేల్లో పొగలు కక్కుతున్న పాన్సిత్ నూడుల్స్.

మారివిక్ టీచరై ఏడాది, పెళ్లయి రెండు నెలలు. ఆ రెండు సంతోషాలూ చాలవన్నట్టు ఇవాళ మూడోది. విరేచనాలవుతున్న పసిబిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఎలా తయారుచెయ్యాలో చెప్పే కరపత్రం తనే రాసింది. బొమ్మలు మొగుడు వేశాడు. అయిదు వందల ప్రతులు. అడుగున తన పేరు, కొత్త ఇంటిపేరుతో సహా.

పొద్దుటి నుంచి ఆ పేరును ఎన్నిసార్లు చూసుకుందో లెక్క లేదు.

పల్లెల నుంచి వచ్చిన ఆరోగ్య కార్యకర్తలకు సభలోనే వాటిని పంచుతారు. రేపటికల్లా ఇంటింటికీ చేరతాయి.

ఈలోగా ఈవిడ వచ్చింది. వెలిసిపోయిన గౌను, రబ్బరు చెప్పులు.

టీచరా అంటే కాదంది. ఆహ్వానం ఉందా అంటే లేదంది. ఎవరి తరఫున వచ్చారంటే కాస్త ఆలోచించి, ఎవరి తరఫునా కాదంది. సంఘానికి యాభై ఏళ్లని రేడియోలో విని, కూతురుండే దీవి నుంచి పడవెక్కి వచ్చిందట. చూసిపోదామని.

పేర్లు రాసుకునే పుస్తకంలో అలాంటివాళ్లకు గడి లేదు.

మారివిక్ జాలిపడి కుర్చీ వేసింది. ఊరికే కూర్చోవడం ఎందుకని ఒక కరపత్రం చేతికిచ్చింది.

"బొమ్మ ఎవరేశారమ్మాయ్?"

"మా ఆయన."

"బాగా వేశాడు. చెంచానే బిడ్డకంటే పెద్దగా ఉంది."

పక్కనున్న టీచర్లు కిసుక్కుమన్నారు. మారివిక్ చెవులు వేడెక్కాయి.

ముసలావిడ వేలు మొదటి వరుస మీద ఆగింది. "అర చెంచా ఉప్పు అని రాశావు. ఏ చెంచా?"

"చెంచా అంటే చెంచానే, అవ్వా."

"మా ఇంట్లో ఉన్నవి అన్నం తినేవే. దాంతోనా?"

మారివిక్ ఓపికగా చెప్పింది. బడి వంటగదిలో కొలత చెంచాలు వరుసగా వేలాడుతుంటాయి. ఉప్పుకు ఏది వాడాలో ఆరో తరగతి పిల్లనడిగినా చెబుతుంది. అది అందరికీ తెలిసిందే.

"నాకు తెలీదే," అంది ముసలావిడ, ఏమాత్రం సిగ్గుపడకుండా.

చదువుకోనివాళ్లకు ఎంత చెప్పినా ఇంతే అనుకుంది మారివిక్. ఆవిడ వేలు రెండో వరుసకు దిగుతోంది. బయట అధ్యక్షురాలి కారు ఆగింది. ఉన్న కుర్చీలు అతిథులకే చాలవు.

గబగబా పాన్సిత్, నాలుగు బియ్యప్పిండి కేకులు పొట్లం కట్టింది. చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, రేవు దగ్గర దించమని చెప్పి జీప్నీ ఎక్కించింది. మర్యాదకేమీ లోటు చెయ్యలేదు.

బండి కదిలాక కూడా ముసలావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏ చెంచానో రాయమ్మా," అంది.

సభ మొదలైంది. అధ్యక్షురాలు ఫ్లోర్డెలిజా మేడం పాత రోజులు తలుచుకుంది.

"మనకప్పుడు ఒక నియమం ఉండేది. ఏ పాఠమైనా అచ్చుకు పోయేముందు ఒక మామూలు ఇల్లాలి చేతిలో పెట్టేవాళ్లం. ఆవిడ తన వంటింట్లో, తన గిన్నెలతో, కాగితంలో ఉన్నట్టే చెయ్యాలి. మనం పక్కన నిలబడి చూడాలి, నోరు మాత్రం విప్పకూడదు. ఆవిడ పొరబడితే తప్పు ఆవిడది కాదు, కాగితానిది."

ముప్పై ఏళ్లపాటు ఆ ఇల్లాలు ఒక్కరేనట. ఇసిద్రా. టీచరు కాదు గనక సంఘం జాబితాలో ఎక్కడా ఆమె పేరు లేదట. తుఫాను ఆ పల్లెను ఊడ్చుకుపోయాక, రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయట. ఆవిడతోపాటే ఆ నియమమూ పోయిందని చెప్పింది మేడం.

ఒక నిమిషం మౌనం పాటిద్దామని అందరూ లేచారు. వేదిక మీద ఆవిడ ఫొటోకు దండ వేశారు.

వెనక వరుసలో ఉన్న మారివిక్‌కి ఎదుటివాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. చేతిలో కరపత్రం ఉంది. తన పేరు వదిలేసి, మొదటిసారి పై వరుస చదివింది.

అర చెంచా ఉప్పు.

అత్తగారి వంటిల్లు కళ్లముందు మెదిలింది. అక్కడ ఉన్నవీ అన్నం తినే చెంచాలే. వాటితో కొలిస్తే ఉప్పు మూడింతలవుతుంది. తాగేది నెలల బిడ్డ.

మౌనం ముగిసింది. అందరూ కూర్చున్నారు. కరపత్రాలు పంచమంటూ మేడం ఆమెను పేరు పెట్టి పిలిచింది. చప్పట్లు మోగాయి.

మారివిక్ కట్టలను గుండెకు అదుముకుని నడిచింది. ఆ ముసలావిడకు ఒక్కమాట చెబుదామన్నా, పడవ ఈపాటికి సగం దూరం పోయుంటుంది.

"వీటిని పంచొద్దు మేడం. ఏ చెంచానో రాయలేదు."

మేడం ఒక కాగితం తీసి చదివింది. కళ్లద్దాలు తీసేసింది.

"పన్నెండుమందిమి చదివాం దీన్ని. ఒక్కరికీ తట్టలేదు. ఎవరడిగారు నిన్ను?"

జవాబు చెప్పబోతూ మారివిక్ తలెత్తింది. హాలంతా ఇప్పుడే లేచి నివాళి అర్పించిన, వేదిక మీది దండ వేసిన ఫొటో వైపు వేలు చూపించింది.