ఆకుపచ్చ చుక్క

కూర మళ్ళీ మాడింది. కూతురు పరుగున వచ్చి స్టవ్ కట్టేసింది. పక్కగదిలో తల్లికి ఆ వాసనే తగల్లేదు. ఫోన్‌లో క్యారమ్స్ ఆడుతోంది.

"ఇల్లు తగలబడినా నీకు తెలిసేలా లేదమ్మా."

"ఉండవే. అవతల ఆడుతున్నది నీ తమ్ముడు."

కూతురు తిరిగి వంటింట్లోకి నడిచింది.

తమ్ముడు ఇల్లొదిలి ఏడాది కావస్తోంది. చదువయ్యింది, ఉద్యోగం రాలేదు. పొద్దస్తమానం "ఏం తోచట్లేదమ్మా" అంటూ ఫోన్‌లో ఇదే ఆట ఆడేవాడు. తండ్రి బస్సుల షెడ్డులో మెకానిక్. ఒళ్ళు హూనమై ఇంటికొచ్చేసరికి కొడుకు మంచం మీద ఫోన్‌తో కనిపిస్తే ఒంటికి కారం రాసినట్టుండేది. తోచకపోవడం అనేది తిన్నది అరగనివాళ్ళకొచ్చే జబ్బని ఆయనగారి సిద్ధాంతం. ఈ ఇంట్లో ఫోన్లకు లాక్ ఉండకూడదని చట్టం కూడా చేశాడు. చివరికి ఒకరోజు, "ఆ ఫోన్ పట్టుకుని ఎటైనా పో" అన్నాడు.

వాడు పట్టుకుని పోయాడు. తర్వాత నంబరు కూడా పనిచేయలేదు.

తల్లి దిగులు చూడలేక, కాస్త పొద్దుపోతుందని ఆ ఆటను ఆమె ఫోన్‌లో పెట్టిచ్చింది కూతురే. అందులో తమ్ముడి పేరుంది. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగితే మనిషి ఉన్నట్టు. తల్లి కుట్టు మిషన్ మూలకు నెట్టేసి, ఆ పేరునే చూస్తూ కూర్చునేది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం చుక్క వెలిగింది.

ఆ ఆటలో మాట్లాడటానికి కుదరదు. నవ్వుబొమ్మ పంపొచ్చు, అంతే. వాడు మధ్యాహ్నం కాసేపు ఆడి వెళ్ళిపోతాడు. ఆదివారాలు అసలు రాడు. ఆమె మాత్రం రోజంతా ఫోన్ వదలదు. కళ్ళు ఎర్రబడ్డాయి, తిండి సగమైంది. ఇది వ్యసనమేనని డాక్టర్ తేల్చి చెప్పాడు.

ఆ సాయంత్రం తండ్రి వచ్చి కాళ్ళు కడుక్కోగానే తల్లి అందుకుంది.

"ఇవాళ కూడా నేనే గెలిచానండీ. అంత ఆటగాడా, నా చేతిలో ఓడిపోతున్నాడు. కావాలనే. అమ్మ సంతోషపడాలని." ఆమె కళ్ళు నిండాయి.

"ఇంక ఆ ఆట మానెయ్యవే. నీకు దణ్ణం పెడతాను."

తండ్రి అలా బతిమాలడం కూతురు ఎప్పుడూ వినలేదు.

"ఎందుకు మానాలి? మీకింకా వాడి మీద కోపం తీరలేదా?"

"వాడే రావడం మానేస్తే?"

"మొన్నామధ్య నాలుగు రోజులు రాలేదుగా. చూశారుగా నా గతి."

చూశాడు. ఆ నాలుగు రోజులూ ఆమె మంచం దిగలేదు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఆడుతున్నాడంటే మనసు మెత్తబడుతున్నట్టేగా," అందామె. "ఏదో ఒకరోజు గుమ్మంలో నిలబడతాడు. అప్పుడు మాత్రం మీరు నోరెత్తకండి."

ఆయన మాడిన కూరే కలుపుకుని, తల వంచుకుని తిన్నాడు.

కూతురికి తండ్రి మీద జాలేసింది. "నువ్వేం బాధపడకు నాన్నా. వాడొస్తాడు," అంది. ఆయన తలూపి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మర్నాడు షెడ్డులో భోజనాల గంట కొట్టగానే ఆయన చేతుల గ్రీజు తుడుచుకుని, పనిముట్ల పెట్టె అడుగున చేయి పెట్టి, ఎక్కడో దూరాన ఒక ఆసుపత్రి శవాల గదిలో కొడుకు చొక్కాతో పాటు తన చేతికిచ్చిన ఫోన్ బయటికి తీసి, ఆట తెరిచాడు.