పాటల డాక్టరమ్మ

"పాటల డాక్టరమ్మా... రండి, రండి!"

కూతురు ముందుగదిలోకి అడుగుపెట్టిందో లేదో ప్లీడరు మొదలుపెట్టాడు. కుర్చీలో వెనక్కి వాలి, కుడిచేయి ఒళ్ళో పడేసుకుని, ఎడమచేత్తో కుర్చీ చేతిని తడుతున్నాడు. ఆ తట్టుడు లేనిదే ఆయనకు మాట రాదు.

పక్క సోఫాలో బాబాయి కిసుక్కున నవ్వాడు. బాబాయికి మందుల షాపుంది. సీసా మీద పేరు చదవడం వచ్చు కాబట్టి తను సగం డాక్టరునని ఆయన నమ్మకం. పిల్లను ఫార్మసీలో చేర్పించి తన కౌంటరు వెనక నిలబెట్టుకోవాలని వచ్చాడు. అన్నగారి మీద ప్రేమ అని పైకి చెప్పుకుంటున్నాడు.

రేపటితో కాలేజీలో సీట్లు అయిపోతాయి. నాన్న ఊ అంటే మ్యూజిక్ థెరపీ, ఊహూ అంటే ఫార్మసీ. పొద్దుటి నుంచీ ఆ పిల్ల అద్దం ముందు నిలబడి ఏం చెప్పాలో వల్లెవేసుకుంది. ఒక్క సంగతి మాత్రం ఎత్తనని అమ్మకు మాటిచ్చింది. ఎత్తితే నాన్న రోషం ఇల్లు పీకి పందిరేస్తుందని అమ్మ భయం.

"ముందు డిగ్రీ నాన్నా. సైకాలజీ, సంగీతం రెండూ కలిపి. ఆ తర్వాత మ్యూజిక్ థెరపీలో పీజీ. చివర్లో ఒక ఏడాది ఆసుపత్రిలో శిక్షణ. అప్పుడే ఉద్యోగానికి పనికొస్తాం."

"ఆరేళ్ళూ... పాటలేనా?"

ఒక్కో మాటా సాగదీసి మరీ అన్నాడు. కోర్టుకు వెళ్ళే రోజుల్లో ఆయన వెటకారానికి జడిసి సాక్షులు సొంత పేరు మర్చిపోయేవాళ్ళు. నల్లకోటు ఇప్పుడు బీరువాలో ఉంది. వెటకారం మాత్రం ఒంటిమీదే ఉండిపోయింది.

"పాటలే కాదు. మెదడు ఎలా పనిచేస్తుందో చదవాలి. గిటారో కీబోర్డో బాగా రావాలి. పేషెంట్ల దగ్గర ఓపిగ్గా కూర్చోవడం నేర్చుకోవాలి. ఆసుపత్రి మేడమ్ అన్నీ వివరంగా చెప్పారు."

"ఎవరూ... ఆ గిటారు మేడమా?"

"ఆవిడే."

"జ్వరమొస్తే... జోలపాట! కాలిరిగితే... కచేరీ!"

బాబాయి తొడ చరుచుకున్నాడు. "అదీ అన్నయ్యా! ఇంక నా షాపులో మాత్రలు మానేసి పల్లవులు అమ్ముకోవాలి."

తన జోకుకు తనే పగలబడి నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు గనక ఆ పని కూడా ఆయనకే మిగిలింది.

వీధిలో ఎవరో ఆగినట్టున్నారు. అమ్మ లేచి కిటికీ మూసింది. "కాస్త నెమ్మదిగా అనండి. పై వాటా పిల్లలు నవ్వుతున్నారు," అంటూ టీ కప్పు ఆయన ఎడమచేతికి అందించింది.

కప్పు చేతిలో ఉన్నంతసేపూ ప్లీడరు ఏమీ అనలేదు. ఇదే అదననుకుని కూతురు గబగబా చెప్పుకుపోయింది. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళ దగ్గర, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళ దగ్గర, అడుగు తడబడేవాళ్ళ దగ్గర ఈ చదువుతో ఏమేం చేయొచ్చో చెప్పింది. బాబాయి ఆవలించాడు. ప్లీడరు టీలో పడ్డ నలకను చూసినట్టు కూతుర్ని చూశాడు.

కప్పు కింద పెట్టాడు. చేయి మళ్ళీ కుర్చీ మీదికి వెళ్ళింది.

"ఇదంతా... మాయ! గారడీ... విద్య!"

"గారడీ కాదు నాన్నా..."

"వీధుల్లో... గిటారుతో... అడుక్కునేవాళ్ళూ... డాక్టర్లేనా?"

బాబాయి పాదం కూడా నేలమీద ఆడుతోంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. "అన్నయ్య అన్నాక ఇంక అప్పీలు లేదమ్మా. రేపు పొద్దున్నే నాతో వచ్చెయ్. తెల్లకోటు వేసుకుని కౌంటర్లో నిలబడితే ఎంత మర్యాద! ఈ తైతక్కలు నీకెందుకు?"

"ఫార్మసీ... చేరు! పాటలు... మానెయ్! నా ఇంట్లో... ఆ మాట... ఇంకెత్తొద్దు!"

తీర్పు అయిపోయింది. కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. అమ్మ వైపు చూసింది. అమ్మ కంగారుగా తల అడ్డంగా ఊపింది. మాటిచ్చింది గనక ఆ సంగతి ఎత్తలేదు. లేచి వెళ్ళి నాన్న కాళ్ళ దగ్గర కూర్చుంది. కుర్చీని తడుతున్న చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. కదలకుండా గట్టిగా పట్టుకుంది.

"సరే నాన్నా. రేపే బాబాయి వెంట వెళ్తాను. ఇంక జన్మలో అడగను. ఒక్కసారి నా మొహంలోకి చూసి, అందరూ అన్నట్టు మామూలుగా 'వద్దు' అనండి, చాలు."

"అనేయ్ అన్నయ్యా, రెండక్షరాలేగా!" బాబాయి తొందరపెట్టాడు.

ప్లీడరు నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మెడ మీద నరం ఉబ్బింది. కూతురి చేతుల్లో ఆయన వేళ్ళు గింజుకున్నాయి. మాట మాత్రం బయటికి రాలేదు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ప్లీడరు, గిటారు మేడమ్ చూపిన పద్ధతిలో కూతురు ఏడాదిగా నేర్పినట్టు, చేత్తో తాళం వేస్తూ పాడితేనే మాట్లాడగలడు, ఆ సాయంత్రం తిట్టిన తిట్లన్నీ అలా పాడినవే.