ఊడ్చిన కొండ

బోడికొండ మీద మళ్లీ అడవి పెంచమని దూరపు చెరువు కొంగలు విత్తనాలు పంపాయి. ఆ పని ఎలుగుబంటి నెత్తిన పడింది. పని సగంలో ఉండగా, ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి పెద్దకొంగ బయల్దేరిందని కబురొచ్చింది.

ఎలుగు గుండెల్లో రాయి పడింది. కొంగకు నచ్చకపోతే ఇక విత్తనాలు రావు. ఆ కంగారులో, చుట్టాలొస్తున్నారంటే వాకిలి ఊడ్చినట్టు కొండంతా ఊడ్చేసి, ఎండుటాకులన్నీ లోయలోకి నెట్టేసింది.

"అయ్యో మామా, ఎండ తగలకుండా మొలకల మీద మనం కప్పిన ఆకులు కదా అవి! మొలకలు కూడా పోయాయి!" అంది ఉడుత.

అంతలోనే పెద్దకొంగ వాలి, నలువైపులా చూసింది.

"ఎంత శుభ్రంగా ఉంచావయ్యా! మిగతా కొండలవాళ్లనీ ఇలాగే ఊడవమని చెబుతాను."

చీపురుకు చిక్కుకున్న మొలకను వెనక దాచుకుంటూ, "చిత్తం," అంది ఎలుగు.