దారి ఇచ్చిన పిల్ల

గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో లైసెన్సు చేతికొచ్చిన వారానికే కెజియా తల్లిని కారెక్కించింది. అరబ్బుల ఇంట్లో వంట చేసే అచ్చాయమ్మ భయంతో కళ్లు మూసుకుంది.

“ఆడపిల్లవి, నీకెందుకే ఈ స్టీరింగు? రేపు సంబంధాలోళ్లు వత్తే ఏం చెప్పను?”

“కారు తోలడం వచ్చని చెప్పమ్మా.”

వెనక ఓ పెద్ద బండి గట్టిగా హారన్ కొట్టింది. కెజియా గాభరాగా పక్క లైనులోకి తప్పుకుంది. ఆ బండిలోని మగాడు నవ్వుతూ దూసుకెళ్లాడు.

అచ్చాయమ్మ కళ్లు తెరిచింది. “వాడికెందుకే దారిచ్చావు?”

“మగాళ్లొత్తే పక్కకి తప్పుకోమని చిన్నప్పట్నుంచీ నువ్వే కదమ్మా చెప్పావు!”

అచ్చాయమ్మ ముందు పోతున్న ఆ బండి వంక వేలు చూపించింది.

“మా అమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. మా ఇద్దరికీ కార్లెక్కడున్నాయే? తొక్కు, యల్లా, పద!”